జిల్లేడు చెల్లెలికి ఇంత తడి చోటు

మన తెలుగు తిట్లలో జిల్లేడుకు వేసిన పీట మరే మొక్కకూ వేయలేదు. "నీ ఇంట జిల్లేళ్ళు మొలవ!" అన్నారంటే ఇక ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు కూడా మిగలకూడదని అర్థం. పల్లేరుకూ ఈ తిట్టులో కాస్త వాటా ఉంది గానీ, పెద్ద వాటా మాత్రం జిల్లేడుదే.

సరే, తిట్టాం. బాగానే ఉంది. మరి రథసప్తమినాడు తెల్లవారుజామున మనం చేసే పనేమిటి? 7 జిల్లేడాకులూ రేగుపళ్ళూ నెత్తినా భుజాలమీదా పెట్టుకుని సూర్యనారాయణమూర్తిని తలుచుకుంటూ స్నానం చేస్తాం. వినాయక చవితికి 21 పత్రిలో అర్కపత్రం కనిపించకపోతే, పుస్తకం చదివే ఇంటాయన అక్కడే ఆగిపోయి కళ్ళజోడు పైనుంచి మనవైపు చూస్తారు. కాజీపేటకు వెళ్ళి తెల్లజిల్లేడు మూలంలో వెలిసిన గణపతికి ప్రదక్షిణాలు చేస్తాం. అంతేనా? మూడో పెళ్ళి అచ్చిరాదని భయపడిన మగమహారాజులు ఆ మూడోదేదో జిల్లేడు చెట్టుతో కానిచ్చేసి, తరువాత నింపాదిగా ఓ పిల్ల మెడలో తాళి కట్టేవారు. దానికి అర్కవివాహం అని శాస్త్రోక్తమైన పేరు కూడానూ!

అంటే ఏమిటన్నమాట? మగవాడి గండాన్ని తన నెత్తిన వేసుకోవడానికి పనికొచ్చిన చెట్టు, పెరట్లో ఓ మూల నిలబడటానికి మాత్రం పనికిరాదు. అవసరమైన నాడు దణ్ణం, అవసరం తీరిన మర్నాడు పలుగూ పారా. ఈ న్యాయం మీకూ నాకూ బాగా తెలిసిన న్యాయంలాగే లేదూ? పోనివ్వండి, ఆ దోవన పడితే ఈ వ్యాసం ఇవాళ తెమలదు.

అయినా నేను వకాల్తా పుచ్చుకున్నది జిల్లేడుకు కాదు. జిల్లేడు గట్టి ఘటం. రాయిలో మొలుస్తుంది, రోడ్డు పక్కన దుమ్ములో మొలుస్తుంది, కొట్టేస్తే మళ్ళీ మొలుస్తుంది. దానికి నా వకాల్తా అక్కర్లేదు. నా బెంగంతా దాని చెల్లెలి గురించి.

జిల్లేడుకో చెల్లెలుంది, తెలుసా మీకు? సన్నని తీగ. ఆకు పొడుగ్గా, కోలగా, మొనదేలి ఉంటుంది. తుంచితే అక్కలాగే తెల్లటి పాలు కారతాయి. పువ్వు మాత్రం అక్కలా బిగుసుకుని ఉండదు. చిన్న సాసరులా విచ్చుకుంటుంది. తెలుపులో గులాబిరంగు కలిపి, పైన వంగపండు రంగు ఈనెలు గీసినట్టు ఉంటుంది. బెనారస్ చీర అంచు నేసేవాడికి చూపిస్తే నమూనా గీసుకుపోతాడు. కాయ ముదిరి పగిలితే లోపల ప్రతి గింజకూ పట్టుకుచ్చులాంటి దూది. మా అత్తగారు దీన్ని దూదిపాల అనేవారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆక్సిస్టెల్మా ఎస్కులెంటమ్. నోరు తిరగకపోతే బాధలేదు, నాకూ నాలుగు రోజులు పట్టింది. సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కలకు బొమ్మలు వేయించిన రాక్స్‌బర్గ్ దొర, 1795లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం మొదటి సంపుటం తెచ్చినాయన, దీనికి గులాబిరంగుదనే అర్థం వచ్చేలా అస్క్లెపియాస్ రోజియా అని పేరు పెట్టాడు. ఎక్కడినుంచో వచ్చిన దొరకు కనిపించిన అందం, దాని పక్కనే బట్టలుతికిన మనకు కనిపించలేదు!

అక్కకూ చెల్లెలికీ ఒక్కటే తేడా. అక్క పొడినేల మనిషి, చెల్లెలికి కాళ్ళు తడిగా ఉండాలి. చెరువు కట్టలు, పంటకాలవ గట్లు, జమ్ము పెరిగే పల్లాలు, ఇవే దాని పుట్టిళ్ళు. ఇప్పుడు ఆ పుట్టిళ్ళకే ఎసరొచ్చింది.

మేముండేది ముత్తంగిలో. బొంబాయి వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారిమీద, పటాన్‌చెరు దాటగానే ఔటర్ రింగురోడ్డు కలిసే చోట. ఒక పక్క ఇస్నాపూర్, ఇంకో పక్క చిట్కుల్, ఇంకాస్త ముందుకెళితే రుద్రారం గణేశ్ గడ్డ. ఒకప్పుడు ఇటు పొలాలు, చెరువులు, ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి నీళ్ళు పోయే గొలుసు కాలవలు. ఇప్పుడు ఫ్యాక్టరీలు, గోడౌన్లు, వాటి మధ్య మాలాంటివాళ్ళ కాలనీలు. భద్రాచలం రాములవారికి సోమవారాలలో తొడిగే ముత్యాల అంగీని ముత్తంగి అంటారు. మా ఊరి పేరుకూ దానికీ నేను చుట్టరికం కలపబోవడం లేదు. కానీ ముత్యాల అంగీ తొడగదగిన నేలకు అంగుళం వదలకుండా సిమెంటు అంగీ తొడుగుతుంటే, ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఏడుపు వస్తుందంటే బాగుండదని నవ్వంటున్నాను.

మా కాలనీ వెనక పాత వానకాలవ ముక్క ఒకటి మిగిలింది. ఎండాకాలంలో కూడా దాని అడుగు చెమ్మగా ఉంటుంది. దాని గట్టుమీద జమ్మును పట్టుకుని ఈ తీగ అల్లుకుని ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆమె ఈ ఊరి ఆడపడుచే. "గిదా అమ్మా? మా చిన్నప్పుడు చెర్వు కట్టెంబడి మస్తుండె. ఇప్పుడు కాల్వలే లేకపాయె, ఇంక తీగ ఎక్కడికెళ్ళొస్తది?" అంది. ఇన్ని పుస్తకాలు తిరగేసి నేను తెలుసుకున్నదంతా ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఆ మిగిలిన ముక్కమీదే ఇప్పుడు మా కమిటీవారి కన్నుపడింది. కాలవను రెండు వైపులా సిమెంటుతో కట్టాలి, గట్టుమీది "పిచ్చిమొక్కల"కు గడ్డిమందు కొట్టించాలి, పైన కోనోకార్పస్ వరుస నాటించాలి. ఇదీ తీర్మానం. సంతకాలు పెట్టినవాళ్ళంతా మగవాళ్ళు. ఆ కాలవ గట్టున ఒక్కరోజైనా నిలబడి చూసినవాళ్ళు వాళ్ళలో ఎందరో నేను లెక్కపెట్టను. వాళ్ళు చెప్పే కారణాలు నాలుగు. నాలుగింటికీ జవాబు చెబుతాను, ఓపికగా వినండి.

మొదటి నేరం: అది పిచ్చిమొక్క, కలుపు.

పిచ్చి ఎవరికండీ? మొక్కకా, మనకా? గునుగు పువ్వు సంగతి చూడండి. జొన్నచేలో కలుపుగా మొలిచేది. రైతు దాన్ని పీకి గట్టున పారేసేవాడు. తెలంగాణ ఆడవాళ్ళు ఆ కలుపునే ఏరుకొచ్చి, పక్కన అడవి తంగేడు చేర్చి, తాంబాళంలో గోపురంలా పేర్చి, అమ్మా అని పాడారు. ఇవాళ అదే గునుగును బతుకమ్మ రోజుల్లో బజారులో కట్టలకు కట్టలు డబ్బిచ్చి కొంటున్నాం. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, ఆ ఏడే తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. ఎవరూ నాటని, ఎవరూ నీళ్ళు పోయని పొదకు అంత గౌరవం ఎవరివల్ల వచ్చింది? ఆడవాళ్ళ చేతులవల్ల వచ్చింది. కలుపేదో పువ్వేదో తేల్చిన చరిత్ర మనది. ఆ అధికారం కమిటీకి ఎప్పుడు రాసిచ్చాం?

ఇంకో చిత్రం చెప్పనా? వినాయకుడికి జంటలు జంటలుగా వేసే గరికను వాకిట్లో మొలిస్తే పీకించేస్తాం. ఆ గరిక జాతినే బెర్ముడా గ్రాస్ అని పేరు మార్చి, చదరపు అడుగుల లెక్కన అమ్మితే, బేరమాడకుండా కొని పరిపిస్తాం. పేరులో అంత మహత్యం ఉంటే మన తీగకూ ఏ ఫ్రెంచి పేరో పెట్టి నర్సరీలో కూర్చోబెడదామా? అప్పుడు కమిటీవారే వచ్చి "మేడం, ఇదెక్కడ దొరికింది?" అని అడుగుతారు.

ఇక వాళ్ళు నాటుతామంటున్న కోనోకార్పస్ గురించి. ఎక్కడో సముద్ర తీరాల ఉప్పునేలల చెట్టు. త్వరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, పశువు ముట్టదు. ఈ మూడు గుణాలు చూసి వీధులనిండా నాటేశారు. తీరా 2023లో గుజరాత్ ప్రభుత్వం ఇక దాన్ని నాటవద్దని నిషేధించింది. వేరే రాష్ట్రాలవాళ్ళు వదిలించుకుంటున్న దాన్ని తెచ్చి, ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని తవ్వి పారేసి, ఆ గుంటలో పాతిపెట్టడం ఏం తెలివి?

రెండో నేరం: తడి ఉంటే దోమలు.

ఇది కాస్త ఆలోచించదగ్గ మాటే, పిల్లలున్న ఇళ్ళు మనవి. కానీ దోమ ఎక్కడ పుడుతుందో చూడండి. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమకు కావలసింది కదలకుండా నిలిచిన శుభ్రమైన నీళ్ళు. ఎయిర్ కూలరు అడుగున, పూలకుండీ కింద పెట్టిన పళ్ళెంలో, మేడమీద మూతలేని డ్రమ్ములో, పాత టైరులో. అవన్నీ మన ఇళ్ళలోనే ఉన్నాయి, కాలవలో కాదు. క్యూలెక్స్ దోమకు మురుగు నిలవ కావాలి. అడుగున సిమెంటు పోసి వాటం సరిగా కుదరని కాలవల్లో, ప్లాస్టిక్ సంచులు అడ్డంపడి నీరు నిలిచేది అక్కడే. చెమ్మగా ఉన్న మట్టి నీటి గుంట కాదు. మట్టి నీటిని తాగేస్తుంది. సిమెంటు తాగదు, నిలబెడుతుంది. దోమలమీద అంత పట్టుదల ఉంటే ముందు కూలర్లు కడిగించండి. నాతో రండి, ఏ మేడమీద ఎన్ని మూతల్లేని డ్రమ్ములున్నాయో చూపిస్తాను.

మూడో నేరం: దాని పాలు విషం.

ఔను. ఈ మాటకు నేను అడ్డం చెప్పను. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది, చూపు మసకబారుతుంది, వెంటనే ధారగా నీళ్ళతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మన పెద్దలకూ ఈ సంగతి తెలుసు. మహాభారతం ఆదిపర్వంలో ఉపమన్యువు అనే శిష్యుడు ఆకలికి ఆగలేక జిల్లేడాకులు నమిలి, కళ్ళు పోగొట్టుకుని బావిలో పడ్డాడు. అశ్వినీ దేవతలు వచ్చి చూపిస్తేగానీ మళ్ళీ లోకం చూడలేదు. కనుక పాలున్న ఏ మొక్కను తుంచినా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, చిన్నపిల్లలు పాకే చోట నాటకూడదు, పొయ్యిమీదికీ నోట్లోకీ తేకూడదు. తీగ శాస్త్రీయ నామంలో తినదగినదనే అర్థం ఉందని ఎవరూ కాయలు కోసి కూర వండకండి. నేను చూడటానికి పెంచమంటున్నాను, తినడానికి కాదు.

కానీ ఒక్కటి అడుగుతాను. విషమని దీన్ని తవ్విస్తున్న కమిటీ, గేటు దగ్గర రెండు వరుసల్లో గన్నేరు ఎందుకు నాటింది? పచ్చగన్నేరు గింజ ఎంత పని చేయగలదో పల్లెటూరి ఆసుపత్రిలో పనిచేసిన ఏ నర్సునైనా అడగండి. మన డ్రాయింగ్ రూముల్లో సోఫా పక్కన పెట్టుకునే మచ్చల ఆకుల డిఫెన్‌బాకియా కొరికితే నాలుక వాచి మాట పడిపోతుంది. వాటికి లేని శిక్ష దీనికెందుకు? అవి డబ్బు పెట్టి కొన్నవి, ఇది ఊరికే వచ్చింది. ఊరికే వచ్చినవాళ్ళకు మన ఇళ్ళలో ఎప్పుడూ లోకువే.

పైగా విషం తీస్తామంటూ వాళ్ళు చల్లేదేమిటి? గడ్డిమందు! గడ్డిమందుల్లో పేరుమోసిన గ్లైఫోసేట్‌ను పురుగుమందుల పని చేసే అధీకృత మనుషులు తప్ప వేరెవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మా కాలనీలో మాలి చేతికి పంపు ఇచ్చి, మూతికి తుండుగుడ్డ కట్టుకోమని చెప్పి చల్లించేస్తారు. ఆ మాలికీ ఓ ఇల్లాలు ఉంది. ఆ బట్టలు ఉతికేది ఆమే.

నాలుగో నేరం: వాస్తు. పాలుకారే చెట్టు ఇంట ఉండరాదు.

వాస్తు పండితులతో వాదం పెట్టుకునేంత చదువు నాకు లేదు. అయితే ఇంటింటా ఉన్న నందివర్ధనం కొమ్మ తుంచి చూడండి, పాలు కారతాయి. దేవగన్నేరు తుంచినా కారతాయి. ఆ పూలు దేవుడికి పెడుతున్నాం. పాలు దోషం కాని చోట దోషం కావు, దోషమైన చోట దోషం! అయినా నేను నట్టింట నాటమనడం లేదే? తూము పక్కన, కాలవ గట్టున. వాస్తు పురుషుడు తూము దాకా వచ్చి చూస్తాడా?

నేరాల సంగతి అయిపోయింది. ఇక "ఉంటే ఏమిటి లాభం?" అంటారు. మనకు ప్రతిదానికీ లాభం కావాలిగా, చెబుతాను.

నారింజరంగు రెక్కలు, కొసల నలుపు, ఆ నలుపులో తెల్లచుక్కలు ఉన్న సీతాకోకచిలుక మీ ఇంటిముందు తిరుగుతూనే ఉంటుంది. ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్ అంటారు. అది గుడ్డు పెట్టేది జిల్లేడు కుటుంబం మీదే. గుడ్డు పిగిలి వచ్చిన పురుగు తెలుపు, నలుపు, పసుపు చారలతో, గాజుల దుకాణంలోంచి వచ్చినట్టుంటుంది. ఆ విషపు ఆకునే తింటుంది, ఆ విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. పిట్ట ఒక్కసారి కొరికిందంటే కక్కుకుంటుంది, మళ్ళీ జన్మలో ఆ రంగు జోలికి పోదు. అమెరికాలో లింకన్ బ్రోవర్ అనే ఆయన 1960లలో పిట్టలను పెంచి మరీ ఈ సంగతి రుజువు చేశాడు. చిత్రమేమిటంటే, విషం లేని ఇంకో సీతాకోకచిలుక జాతిలో ఆడది మాత్రం అచ్చం ఈ ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుని తిరుగుతుంది. మగదాని రూపం వేరే, నల్లటి రెక్కలు, తెల్లటి బొట్లు. గుడ్లు పెట్టాల్సిన బాధ్యత ఉన్నది గనుక జాగ్రత్త ఆడదానికే కావలసి వచ్చింది. దాని పిల్లలు తినేది కూడా మరో "కలుపే": మన గంగవాయిలి కూర.

ఈ కుటుంబపు పువ్వుల్లో ఇంకో తమాషా ఉంది. పుప్పొడి పిండిలా రాలదు. రెండు చిన్న సంచుల్లో కట్టి, మధ్య ఒక క్లిప్పు పెట్టి ఉంటుంది. తేనెకోసం వచ్చిన తుమ్మెద కాలికి ఆ క్లిప్పు జడపిన్నులా పట్టుకుంటుంది. అది వెళ్ళి ఇంకో పువ్వులో దిగితేనే మూట అందుతుంది. తుమ్మెద రాకపోతే కాయ లేదు, కాయ లేకపోతే గింజ లేదు. జమ్ము కొట్టి, గట్టు చదును చేసి, మందు చల్లి, "ఒక్క తీగ వదిలేశాం కదమ్మా" అంటే చాలదు. దానికి ఓ ఊరు కావాలి.

అందుకే నేనడిగేది అక్కాచెల్లెళ్ళిద్దరికీ చోటు. గట్టుమీద పొడిగా అక్క, కింద చెమ్మలో చెల్లెలు. అక్క ఆకు పురుగులకు అన్నం పెడుతుంది, చెల్లెలి పువ్వు గట్టును కప్పుతుంది.

ఇదంతా పల్లెటూరి చాదస్తమనుకునేవాళ్ళకు అమెరికా సంగతి చెబితేగానీ నమ్మకం కుదరదు. చెబుతాను. అక్కడ మోనార్క్ అనే సీతాకోకచిలుక ఉంది, మన ప్లెయిన్ టైగర్‌కు పెత్తల్లి వరస. చలికాలం వచ్చేసరికి వేల మైళ్ళు ఎగిరి మెక్సికో కొండల్లో చెట్లకు గుత్తులుగా వేలాడుతుంది. ఆ కొండలెక్కడో శాస్త్రజ్ఞులకు తెలిసింది 1975లో. దాని పిల్లలకు అక్కడి జిల్లేడు జాతి మొక్కలే తిండి. మొక్కజొన్న, సోయా చేలల్లో గడ్డిమందులు చల్లి చల్లి ఆ మొక్కలు పోయాయి, మోనార్కులూ తగ్గిపోయాయి. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దాన్ని ముప్పున్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదన చేసింది. ఇప్పుడక్కడ ఇళ్ళముందు జిల్లేడు జాతి నాటడం పెద్ద ఉద్యమం. అందులో తడినేలలో పెరిగే గులాబిరంగు పూల మొక్క ఒకటుంది, అస్క్లెపియాస్ ఇన్‌కార్నేటా. చిత్తడి జిల్లేడు అందాం. మా అక్క కూతురు న్యూజెర్సీలో ఇంటివెనక వాననీళ్ళు నిలిచే పల్లంలో దాన్ని డాలర్లు పోసి కొని నాటింది. ఫోటో పంపించి, "పిన్నీ, చూశావా, ఎంత బాగుందో!" అంది. "బాగుందే తల్లీ, ఇక్కడ దాని చుట్టాన్ని మేం మందుకొట్టి చంపుతున్నాం" అన్నాను.

అక్కడ దక్షిణాది రాష్ట్రాలవాళ్ళు ఇంకో పాఠం కూడా నేర్చుకున్నారు. ఎర్ర, పసుపు పూలతో నర్సరీల్లో దొరికే ఉష్ణదేశపు జిల్లేడు, బ్లడ్ ఫ్లవర్ అంటారు, చలికాలంలో కూడా చావకుండా ఉండి సీతాకోకచిలుకలకు ఒక జబ్బును ఏడాది పొడుగునా అంటిస్తోందని, వీలైతే మీ ఊరి మొక్కే నాటుకోండని చెబుతున్నారు. మన నర్సరీలవాళ్ళు "బటర్‌ఫ్లై ప్లాంట్ మేడం" అని మనకు అంటగట్టేది దాన్నే. అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఇంట్లో పిల్ల ఉండగా పక్కింటి పిల్లకు పట్టుపరికిణీ కుట్టించడమంటే ఇదే.

హవాయి దీవుల చివరి రాణి లిలియుఓకలానికి మన జిల్లేడు పువ్వంటే ప్రాణం. దానిమీద కిరీటం ఆకారం ఉంది గనుక రాచరికానికి గుర్తుగా దండలు కట్టించుకునేది. 1893లో ఆమె సింహాసనం పోయింది గానీ, జిల్లేడుపూల దండలు అక్కడ ఇంకా కడుతున్నారు. ఒక రాణి మెడలో వేసుకున్న పువ్వును మనం తిట్టులో పెట్టుకున్నాం!

ఇక మా ప్రాంతపు నీళ్ళ కథ. ఇది నవ్వుతూ చెప్పే కథ కాదు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నీళ్ళు నక్కవాగులో కలిసి, నక్కవాగు మంజీరలో కలిసి, పొలాలూ బావులూ పాడై, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఇక్కడి శుద్ధి కేంద్రం వదిలే నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. శుద్ధి చేసి వదిలిన నీళ్ళలో సంగతి ఇది! ఈ నేలమీద పిల్లల్ని పెంచిన తల్లికి తడి అంటే భయం ఉండటంలో తప్పులేదు. "నీళ్ళున్న చోటికి పోవద్దు" అనే మాట మా ఇళ్ళలో అలవాటైపోయింది.

కానీ అందువల్లనే నేనింత గొంతు చించుకుంటున్నాను. పాడైన తడి ఎంతో ఉన్న చోట, ఆకాశంనుంచి పడి మట్టిలో ఇంకే వాననీటి తడి కాస్త మిగిలింది. దాన్ని కూడా సిమెంటుతో మూసేసి, ఆ వాన చుక్కను కూడా మురుగులోకి తోసేస్తే, రేపు బోరులో దిగేదేమిటి? తీగ నీటిని శుద్ధి చేస్తుందని నేను గొప్పలు చెప్పను. తీగ బతకాలంటే నేల తెరిచి ఉండాలి, ఆ తెరిచిన నేల మనకు కావాలి. తీగను కాపాడటమంటే ఆ మట్టి కిటికీని మూయకుండా ఉంచడమే.

సరే, ఇంట్లో ఎలా పెంచాలి? అదీ చెప్పేస్తాను, ఖర్చేమీ లేదు. కాయ లేతాకుపచ్చనుంచి పసుపుకు తిరిగేటప్పుడు దానికి పల్చని గుడ్డ కట్టండి, లేకపోతే పగిలి గింజలు గాలికి పోతాయి. మృగశిర కార్తె వానలు మొదలవగానే దూది తీసేసి, చెరువు మట్టిలోనో నల్లరేగడిలోనో పైపైన చల్లి తడి ఆరకుండా చూడండి. ఎండ బాగా తగిలే చోటు కావాలి. ఏసీలోంచి కారే నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పడే మూల అయితే మరీ మంచిది. సబ్బునీళ్ళు పోయకండి. ఫిల్టరు మిషను వదిలేసే నీటిలో ఉప్పు ఎక్కువ, అదీ రోజూ వద్దు. పాకడానికి పాత జాలీయో, నాలుగు కట్టెలో ఆసరా ఇవ్వండి. ఎరువక్కర్లేదు. పసుపుపచ్చని పేనుబంక పడితే మందు కొట్టకండి, నీళ్ళు చిమ్మి కడిగేయండి. మరీ అల్లుకుపోతే ఏడాదికోసారి కత్తిరించండి, చేతులకు తొడుగులు వేసుకుని. పెరడు లేనివాళ్ళు అడుగున చిల్లి లేని పాత తొట్టిని మట్టితో నిండా నింపి, పైన నీరు తేలకుండా చెమ్మగా ఉంచినా చాలు.

అన్నట్టు, కాలవ గట్టున ఉన్న తీగను వేళ్ళతో పెకలించి తెచ్చుకోకండి. నాలుగు గింజలు తెచ్చుకోండి, తల్లిని అక్కడే ఉండనివ్వండి.

ఇంతకీ నేను కమిటీని కోరేది చాలా చిన్నది. వరదకు భయమైతే ఇళ్ళవైపు గట్టు కట్టుకోండి, వద్దనను. అవతలి గట్టు, కాలవ అడుగు మట్టిగానే వదలండి. చెత్త తీయించండి, ప్లాస్టిక్ తీయించండి, నీరు పారేలా వాటం చూడండి. గడ్డిమందు మాత్రం కొట్టవద్దు. ఇందుకు ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చవదు, పైగా సగం సిమెంటు మిగులుతుంది. ఈ మాట అర్జీగా వ్రాసి వదినలచేత సంతకాలు పెట్టించాను. "మీ ఆయన్ని అడిగి చెబుతాను" అన్నవాళ్ళు ఇద్దరు. "మా ఆయన్ని అడగనక్కర్లేదు, కలం ఇటివ్వండి" అన్నవాళ్ళు పదకొండుమంది.

పత్రి కోసమూ, పూజ కోసమూ, తిట్టు కోసమూ మొక్కలను వాడుకున్నాం. వాటి పక్షాన ఒక సంతకం కూడా పెట్టలేమా? మీ కాలనీలోనూ ఏదో తూము ఉంటుంది, ఏదో గట్టు ఉంటుంది. సిమెంటు లారీ వచ్చాక మాట్లాడి లాభంలేదు. రేపు పొద్దున్న పాలప్యాకెట్టు తేవడానికి వెళ్ళినప్పుడు వంగి చూడండి. తెల్లటి పాలు, గులాబిరంగు పువ్వు కనిపిస్తే, ఇంటికి రాగానే కాగితం తీయండి.